ముహూర్తపు ఫైలు

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. ఇప్పుడు నేను పనిచేస్తున్న చోట కొత్తగా చేరిన పిల్లలెవరైనా ప్రాజెక్టుకూ దానిలోని క్లాసుకూ ఒకే పేరు పెడితే నా గొంతు లేస్తుంది. "గింత చిన్నదానికి గంత కోపమెందుకక్కా?" అని వాళ్లు బిత్తరపోతారు. వాళ్లకు చెప్పని కారణం ఇక్కడ రాస్తున్నాను. కోపం చల్లారాక తీరిగ్గా రాస్తున్నానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద, బ్యాటరీల దుకాణం పై అంతస్తులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. చదువు అయిపోగానే పరీక్ష రాసి, ఇంటర్వ్యూ చేయించుకుని అందులో చేరాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నా పక్క కుర్చీలో కొండపాక నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకామె ఉండేది. యజమానిని అందరం సారు అనేవాళ్లం. మా పైన లీడ్‌గా ఉన్నది సారు భార్యకు తమ్ముడు. ఎదురుగా ఆయన కూడా సారే. వెనక మాత్రం బామ్మర్ది.

సారు చెడ్డవాడు కాదు, భక్తి కొంచెం ఎక్కువ. మా వైపు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి వర్గల్ సరస్వతి గుడికి తీసుకుపోతారు. సారు ప్రాజెక్టులకు చేయించేవాడు. కొత్త పని ఒప్పుకోగానే మంచిరోజు చూసి, ల్యాప్‌టాప్‌తో, కొబ్బరికాయతో, మా అందరితో వర్గల్ గుట్ట ఎక్కేవాడు. పలకలు పట్టుకున్న పిల్లల మధ్య చాప మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌కు కుంకుమ పెట్టి, మొదటి ఫైలు తన చేత్తో తానే టైపు చేసేవాడు. పక్కన పిల్లలు బియ్యంలో అక్షరాలు దిద్దుతుంటే వాళ్ల తల్లులు ఈయన వంక వింతగా చూసేవాళ్లు. ప్రాజెక్టుకు ఏ పేరైతే ఆ మొదటి ఫైలుకూ, అందులోని క్లాసుకూ అదే పేరు. "తొలుసూరు బిడ్డ. ఇంటి పేరు నిలవెట్టాలె" అనేవాడు. అమ్మవారి ముందు పుట్టిన ఆ ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు, పేరు మార్చకూడదు. ఆఫీసులో దాన్ని ముహూర్తపు ఫైలు అనేవాళ్లం. అంతకు ముందు మేం చేసినవన్నీ చిన్న పనులు, ఒక ఫంక్షన్ హాలుది, ఒక విత్తనాల దుకాణానిది. వాటిలో ఆ పేరు ఎవరికీ అడ్డం రాలేదు.

అప్పుడు చేనేత సంఘం పని వచ్చింది. మా బాపు నేత పని చేస్తాడు. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే గొల్లభామలను చీర అంచు మీద నేస్తాడు. తోటివాళ్లు చాలామంది మహారాష్ట్రలో భివండి మిల్లులకు పోయినా ఆయన గుంట మగ్గం వదిలి ఎక్కడికీ పోలేదు. సంఘంలో డైరెక్టరు కూడా. చీరలు అమ్మడానికి సంఘం ఒక వెబ్‌సైటు చేయించుకోవాలని చూస్తోందని తెలిసి మా సారు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. అమ్మ చాయ ఇచ్చింది. "నీ బిడ్డ మా దగ్గరనే పనిజేస్తుంది గద పటేలా. సంఘంల జెర ఒక్క మాట జెప్పు" అని బాపును అడిగాడు. మమ్మల్ని పటేలా అని ఎవరూ పిలవరు. పని కోసం వచ్చినవాళ్ల నోట్లో అలాంటివి వస్తాయి.

బాపు ఆయనకు అప్పుడే మాటివ్వలేదు. ఆయన పోయాక మగ్గం మీద నుంచే నన్ను అడిగాడు.

"మీతోని అయితదా బిడ్డా?"

"అయితది బాపు."

"అందరి నడుమ చెప్పాలె నేను. ఎనుకకు మర్లే ముచ్చట గాదు."

"అయితదని చెప్పు."

ఆయన పోయి చెప్పాడు. ఆయన మాట మీద సంఘం మాకు పని ఇచ్చింది. సారు వెంటనే వర్గల్ ప్రయాణం కట్టాడు. ప్రాజెక్టు పేరు 'మగ్గం'. ముహూర్తపు ఫైలు పేరు, క్లాసు పేరు కూడా 'మగ్గం'. నేను పక్కనే కొబ్బరిచిప్పల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడే ఏదో తేడాగా అనిపించింది గాని గుడిలో నోరెత్తలేదు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. చీర ఎలా ఉండాలి, నేతగాడి వివరాలు ఎలా ఉండాలి, ఆర్డరు ఎలా ఉండాలి అని కోడ్‌లో రాసే ఒక్కో నమూనాను క్లాసు అంటాం. అవన్నీ ఉండే ఇంటికి పెట్టే పేరును నేమ్‌స్పేస్ అంటాం. మా ఇంటి పేరు 'మగ్గం'. సారు పుణ్యమా అని ఆ ఇంట్లో ఉండే ఒక మనిషి పేరు కూడా 'మగ్గం' అయింది. ఇక పేజీలో 'మగ్గంలో ఉన్న నేతగాడిని పిలువు' అని రాస్తే కంప్యూటరు ఇంటి దాకా పోదు. చేతికందిన ఆ మనిషిని పట్టుకుని, జేబులు వెతికి, 'ఇక్కడ నేతగాడెవరూ లేడు' అని ఎర్రర్ చూపిస్తుంది. మా తమ్ముడికి తాత పేరు పెట్టారు. మామ పేరు పలకకూడదని అమ్మ వాడిని ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తుంది. మనుషులు అలా సర్దుకుంటారు. కంప్యూటరు సర్దుకోదు.

నేను బామ్మర్దికి చెప్పాను. "సార్, గా క్లాసు పేరొక్కటి మారిస్తే సాలు. లేకుంటే ముందుముందు అన్నిట్ల అడ్డం వడ్తది."

"అమ్మవారి కాడ వెట్టిన పేరు మారుస్తవా? బావకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"నేనే చెప్తా."

"వచ్చి ఎన్ని రోజులైంది నువ్వు? కూసొని పనిజేస్కో."

కూర్చుని చేసుకున్నాను. పేరు మార్చకుండా బయటపడే దారి ఒకటి ఉంది. పిలిచిన ప్రతిచోటా పేరు ముందు 'గ్లోబల్' అని చేర్చాలి. అప్పుడు కంప్యూటరు దగ్గర్లో వెతకడం మాని, మొదటి నుంచి చిరునామా పట్టుకుని సరైన ఇంటికి పోతుంది. నేను ప్రతి పేజీ తలమీదా ఆ మాట చేర్చుకుంటూ పోయాను. చూడ్డానికి అందంగా లేదు నిజమే, పేజీలు మాత్రం తెరుచుకున్నాయి. ఒక్కో నేతగాడికి ఒక్కో పేజీ చేశాం. బాపు పేజీ నేనే చేశాను. ఆయన మగ్గంలో కూర్చున్న ఫోటో, పక్కన ఆయన నేసిన చీరలు. ఆయనకు ముందుగా చూపించలేదు. సంఘంలో అందరి మధ్య చూడాలని దాచి ఉంచాను.

సంఘం వాళ్లకు చూపించే రోజు పొద్దున నేను ప్రొజెక్టరు బిగించడానికి సంఘం గోదాముకు పోయాను. అదే సమయంలో ఆఫీసులో బామ్మర్ది నా పేజీలు తెరిచి చూశాడట. "ఏంది గీ గ్లోబల్ గ్లోబలు? పెండ్లికి సున్నం గొట్టినట్టు అంతటా గిదే" అన్నాడట. కొండపాక ఆమె, "వద్దు సార్, గది తీస్తే పేజీలు తెర్సుకోవు" అని అంటూనే ఉందట. ఆయన వినలేదు. ఉన్న 'గ్లోబల్'లన్నీ ఒక్క దెబ్బకు వెతికించి తీసేయించాడు. మొత్తం కోడ్ ఏ తప్పూ చూపించకుండా తయారైంది. మేం వాడే పద్ధతిలో పేజీల్లోని తప్పులు అప్పుడు బయటపడవు, ఎవరైనా ఆ పేజీని తెరిచినప్పుడే పడతాయి. ఆయన మొదటి పేజీ ఒక్కటి తెరిచాడు. అందులో ఎవరినీ పిలిచే పని లేదు కనుక అది చక్కగా వచ్చింది. "సూసినవా, అయింది గద" అని దాన్నే సర్వర్ మీద పెట్టి, సెంటు కొట్టుకుని గోదాముకు బయల్దేరాడు.

గోదాములో టెంటు హౌసు కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. తెర కోసం సంఘం నేసిన తెల్లగుడ్డనే గోడకు కట్టారు. నేతపనివాళ్లు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు నిండుగా వచ్చారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. మైకు పట్టుకున్నది బామ్మర్ది. మొదటి పేజీ రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షుడు నవ్వుతూ బాపు వైపు చూపించి, "గా పిల్ల తండ్రిది చూపియ్యిన్రి ముందుగాల. ఆయన జెప్తేనే గదా మీకిచ్చినం" అన్నాడు.

బామ్మర్ది బాపు పేరు మీద నొక్కాడు. తెల్లగుడ్డ మీద పసుపురంగు పేజీ, దాని మీద ఎర్రటి అక్షరాలు. 'మగ్గం' అనే క్లాసులో మీరు అడిగింది లేదు అని ఇంగ్లీషులో. మరొకరి పేరు నొక్కాడు, అదే. ఇంకొకరిది, అదే. వెనక నుంచి ఎవరో, "ఏంది, మా ఫోటోలు ఏడికి వోయినయ్?" అన్నారు. నవ్వులు లేచాయి.

ఆ ఎర్రక్షరాలు చదవగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. బామ్మర్దికీ తెలిసింది. తన చేత్తో చేసింది గంట కూడా కాలేదు. ఆయన నా వైపు చెయ్యి చాపి, మైకులో అన్నాడు: "గీ పేజీలు చేసింది ఈ అమ్మాయే. వాళ్ల బాపు బతిలాడితే మొహమాటానికి పనిల వెట్టుకున్నం. పని రాదు. ఏం జేస్తం మరి?"

గోదాము మొత్తం విన్నది. నా పరీక్ష, నా ఇంటర్వ్యూ అన్నీ గంగలో కలిశాయి. అది పోతే పోనీ. బాపు నా ఉద్యోగం కోసం బతిమాలాడని, దానికి బదులుగా సంఘం పని వాళ్లకు అంటగట్టాడని ఆ ఒక్క మాటతో అందరి ముందూ తేలిపోయింది. మా ఇంట్లో చాయ తాగి బాపును అడుక్కున్న సారు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. తల వంచి తన చెప్పులు చూసుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది, ఏడిస్తే ఆయన చెప్పిందే నిజమవుతుంది. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. బాపు కూడా లేవలేదు. అందరూ పోయేదాకా అదే కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక నేను జరిగింది మొత్తం చెప్పాను. బాపు విన్నాడు. చొక్కా విప్పి దండెం మీద వేసి మగ్గంలోకి దిగాడు. ఆ రోజు నుంచి సంఘానికి పోవడం మానేశాడు. నేసిన చీరలను అమ్మతో పంపేవాడు. బజారులో అమ్మకు మాటలు వినపడేవి. "బిడ్డ నౌకరి కోసం మనందరి పని గాడ అంటగట్టిండట." అమ్మ ఆ మాటలు మూటగట్టుకొచ్చి వంటింట్లో విప్పి ఏడ్చేది. మగ్గం గదిలో నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు మాత్రం ఆగేది కాదు. బాపు మెత్తటి మనిషి, అన్నీ మింగి ఊరుకుంటాడని నేను అనుకునేదాన్ని.

నేను మింగేదాన్ని కాదు. ఉద్యోగం మానేస్తే బామ్మర్దికి సుఖం. అందుకని మరుసటి రోజు మామూలుగా తల దువ్వుకుని, పూలు పెట్టుకుని ఆఫీసుకు పోయాను. నా చేతిలోంచి సంఘం పని తీసేసి, విత్తనాల దుకాణం బిల్లులు చూసుకోమన్నారు. చూసుకున్నాను. ఒక కన్ను బిల్లుల మీద, ఒక కన్ను బామ్మర్ది మీద.

నేను పెట్టిన 'గ్లోబల్'ను తిరిగి పెడితే ఆ పేజీలు ఆ పూటకే తెరుచుకునేవి. అది ఆయనకూ తెలుసు. పెడితే నేను రైటని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ పని చేయడానికి ఆయనకు చేతులు రాలేదు. దాని బదులు తెలివి ఉపయోగించాడు. 'మగ్గం' అని ఉన్నచోటల్లా 'మగ్గంయాప్' అని మార్చమని కంప్యూటరుకు చెప్పాడు. అది చెప్పినట్టే చేసింది. ఇల్లూ మారింది, ఇంట్లోని మనిషీ మారాడు. మళ్లీ ఇద్దరిదీ ఒకటే పేరు. పేజీలు మళ్లీ పసుపురంగులోనే వచ్చాయి. పైగా ఇంగ్లీషు పేజీల్లో చీరల గురించి మేం రాసిన వాక్యాలు కూడా మారిపోయి, 'మా తాతల కాలం నాటి మగ్గంయాప్ మీద నేసిన చీర' అని తయారయ్యాయి. కొండపాక ఆమె, నేను ముఖాలు చూసుకున్నాం. ఆ రోజు మిర్చి బజ్జీలు తెప్పించుకుని తిన్నాం. అంత రుచిగా బజ్జీలు నేను మళ్లీ తినలేదు.

ఆ తర్వాత ఆయన దాన్ని బాగుచేయబోయి ఇంకొకటి చెడగొట్టాడు. దాన్ని కప్పిపుచ్చడానికి మరొకటి. చివరికి చీరల పేజీ నొక్కితే ఆర్డర్ల పేజీ వచ్చేది, ఆర్డర్లు నొక్కితే ఏదీ వచ్చేది కాదు. ఏసీ గదిలో చెమటలు తుడుచుకునేవాడు. ఒకరోజు సిగ్గు చంపుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"జెర గిది చూస్తవా?"

"నాకు పని రాదు గద సార్."

"గదేదో కోపంల అన్న..."

"కోపంల గాదు సార్, మైకుల అన్నరు."

ఆయన పక్కకు తిరిగి కొండపాక ఆమెను చూశాడు. ఆమె కంప్యూటరు మీద నుంచి తల ఎత్తకుండానే, "నాకు గూడ రాదు సార్" అన్నది. ఆ మాటకు ఆమెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇంతలో హైదరాబాదులో చేనేత మేళా దగ్గరపడింది. మేళాలో వచ్చేపోయేవాళ్లకు ఆ సైటు చూపించాలని సంఘం అనుకుంటోంది. ఆ లోపల పేజీలు తెరుచుకోకపోతే పని వేరేవాళ్లకు ఇస్తామని అధ్యక్షుడు మా సారుకు ఫోన్ చేసి చెప్పాడు. సారు మళ్లీ మా ఇంటికి వచ్చాడు. ఈసారి అమ్మ చాయ పెట్టబోతే నేను వద్దన్నాను. బాపు మగ్గంలోనే ఉన్నాడు, నాడె ఆపలేదు.

"అయిందేదో అయింది బిడ్డా. నువ్వొచ్చి జెర సరిజెయ్" అన్నాడు సారు.

"చేస్త సార్. మీ బామ్మర్దిని గోదాములకు రమ్మనున్రి. గా రోజున్నోళ్లందరినీ పిలువున్రి. పేజీలు చెడగొట్టింది తనే అని చెప్పాలె. మా బాపు ఎవ్వలను బతిలాడలేదని, మీరే మా ఇంటికొచ్చి అడిగిన్రని చెప్పాలె."

"గట్లెట్ల అంటడు? మా ఇంటామెకు తమ్ముడాయె."

"మా బాపు నాకు బాపు సార్."

ఆయన బేరం మొదలుపెట్టాడు. జీతం పెంచుతానన్నాడు, లీడ్ కుర్చీ నాకే ఇస్తానన్నాడు. నేను గోడకు తగిలించిన క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "పోనియ్ బిడ్డా, పెద్దమనిషి ఇంటికొచ్చిండు. ఎందుకు లొల్లి?" అన్నది. నేను బాపు వైపు చూశాను. ఆయన కూడా పోనియ్ అంటాడేమోనని నాకు లోపల భయంగానే ఉంది. ఆయన అంటే కాదనలేను. ఆయన తల వంచుకుని నాడె విసురుతూనే ఉన్నాడు.

"ఇంకోటున్నది సార్" అన్నాను. "ముహూర్తపు ఫైలు పేరు మీరే మార్చాలె. మీ చేతితోనే."

ఆయన ముఖం పాలిపోయింది. బామ్మర్దిని మైకు ముందు నిలబెట్టడం కంటే అదే ఆయనకు కష్టంగా ఉంది. "అమ్మవారి ముందల వెట్టిన పేరు బిడ్డా!"

"అమ్మవారు వెట్టుమన్లే సార్. మీరు వెట్టిన్రు. నేను ముందుగాల్నే వద్దన్న, మీ బామ్మర్ది మీదాక రానియ్యలే. నేను మారిస్తే రేపు ఏం జరిగినా నా మీదికే వస్తది. అందుకే మీరు మార్చున్రి."

చివరికి ఒప్పుకున్నాడు, కాని అమ్మవారికి చెప్పకుండా మార్చనన్నాడు. సరే పదండన్నాను. మళ్లీ వర్గల్, మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ పిల్లల మధ్య చాప. ముందుగా నేను బామ్మర్ది పెట్టిన చిక్కులన్నీ విప్పి, కోడ్‌ను పాత దారిలోకి తెచ్చుకున్నాను. ఆ తర్వాత సారు దండం పెట్టుకుని, చెంపలు వేసుకుని, క్లాసు పేరు తుడిచి కొత్త పేరు టైపు చేశాడు. ఆ మనిషికి ఒక పేరు, ఇంటికి ఒక పేరు అయింది. నేను బాపు పేజీ మీద నొక్కాను. తెరుచుకుంది. బాపు మగ్గంలో కూర్చుని నా వైపు చూస్తున్నాడు. ఇక ఎక్కడా 'గ్లోబల్' అవసరం లేదు. పక్కన ఒక పిల్లాడు పలక మీద ఓం దిద్దలేక ఏడుస్తున్నాడు. సారు కళ్లు తుడుచుకుని, "గింతేనా?" అన్నాడు. గింతే అన్నాను. ల్యాప్‌టాప్ మూసి నా సంచీలో పెట్టుకున్నాను. ముందు గోదాములో బామ్మర్ది మాట, తర్వాతే పేజీ అని ఆయనకు మరోసారి గుర్తుచేశాను.

గోదాములో మళ్లీ టెంటు హౌసు కుర్చీలు, అదే తెల్లగుడ్డ, అదే మైకు. సంఘం వాళ్లందరూ వచ్చారు. బాపు రాడనుకున్నాను. అమ్మ వచ్చి కూర్చున్న కాసేపటికి ఆయన కూడా వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒంటి మీద ఆ రోజు వేసుకున్న చొక్కానే. కొందరు ఆయన వైపు చూసి ముఖం తిప్పుకోవడం నాకు కనిపించింది. నేను ప్రొజెక్టరు వైరు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌కు గుచ్చలేదు.

అధ్యక్షుడు, "మొదలువెట్టున్రి" అన్నాడు. సారు బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది లేచి నా దగ్గరగా వచ్చి, జనానికి వీపు పెట్టి, నాకు మాత్రమే వినపడేంత గొంతుతో గొణిగాడు.

"గా పొద్దు నేనే తీసేసిన. పొరపాటైంది. మీ బాపు ఎవరినీ అడుగలే. బావనే మీ ఇంటికొచ్చిండు. సరేనా?"

అన్నాడు, అయిపోయింది. నాలుగు వాక్యాలు, నేను అడిగినవన్నీ ఉన్నాయి. అమ్మ వరుసలోంచి నన్నే చూస్తోంది, ఇక చాలు అన్నట్టు తల ఊపుతోంది. సారు చేతులు జోడించి ఉన్నాడు. నాకు కూడా ఒక్క క్షణం చాలనిపించింది. వైరు ల్యాప్‌టాప్ దాకా తీసుకుపోయాను కూడా.

"ఆగు బిడ్డా."

తలుపు దగ్గర నుంచి బాపు. ఆయన గొంతు అంత పెద్దగా నేను ఎప్పుడూ వినలేదు. కుర్చీలన్నీ వెనక్కి తిరిగాయి.

"గాయన ఏం జెప్పిండో గీడికి ఇనవడలే. గా రోజు మైకుల చెప్పిండు. గిప్పుడు గూడ మైకులనే చెప్పుమను."

బాపు ముఖం చూశాను. ఇన్నాళ్లూ మగ్గంలో తల వంచుకుని ఆయన ఏమీ మింగలేదు. నాలాగే దాచుకున్నాడు. నా కోపం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

లేచి మైకు తీసి బామ్మర్ది చేతిలో పెట్టాను. ఆయన బావ వైపు చూశాడు. బావ చెప్పులు చూసుకుంటున్నాడు. బామ్మర్ది జనం వైపు తిరిగి, మొదటి నుంచి మళ్లీ అంతా చెప్పాడు. పేజీలు తనే చెడగొట్టానన్నాడు. నేను పరీక్ష రాసి చేరానన్నాడు, ఆ ముక్క నేను అడగకపోయినా. పని కోసం తామే మా ఇంటికి వచ్చి అడిగామన్నాడు. మధ్యలో గొంతు తగ్గినప్పుడల్లా బాపు తలుపు దగ్గర నుంచి చెయ్యి పైకి ఎత్తేవాడు. ఆయన మళ్లీ గట్టిగా చెప్పేవాడు.

ఆఖరి వరుసలో ఉన్న ఒక ముసలాయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "ఆ, గిప్పుడు ఇనవడ్డది" అన్నాడు. పక్క కుర్చీలో ఉన్న సంచీ తీసి కింద పెట్టి, బాపును వచ్చి కూర్చోమని పిలిచాడు.

బాపు పోయి కూర్చున్నాడు. అప్పుడు నేను వైరు గుచ్చాను.